ఫోన్‌లో అన్నది కార్డు మీద పడాలి: కావలి నుంచి నడిపే డిజైన్ పని

ఊరగాయ సీసా మీద లేబుల్, బియ్యం బస్తా మీద బొమ్మ, రాగి లడ్డూ డబ్బా, రొయ్యల పచ్చడి పౌచ్... ఇవీ మేం చేసే పనులు. మొత్తం నలుగురం. నేను కావలిలో ఉంటాను. బొమ్మలు వేసే అమ్మాయిది వెంకటగిరి, నేతపని చేసే ఇల్లు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ ఆ అమ్మాయి మాతోనే ఉంది. తెలుగు అక్షరాల సంగతి చూసే మాస్టారు ఒంగోల్లో ఉంటారు. ప్రెస్సుల్లో డీటీపీ చేసి చేసి పండిపోయిన మనిషి. ప్రింటుకు వెళ్ళే ఫైలు సిద్ధం చేసే కుర్రాడిది కనిగిరి. మాకు ఆఫీసు లేదు. నలుగురం ఒకచోట కూర్చుని అన్నం తిన్నది కూడా అరుదే.

నేను అంతకుముందు చెన్నైలో ప్యాకేజింగ్ డిజైన్ చేసే ఏజెన్సీలో ఉద్యోగం చేసేదాన్ని. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి, ఇక్కడే ఆగిపోయాను. మొదటి పని మా వీధిలో ఊరగాయలు పెట్టి అమ్మే ఆమెది. ఆమె చెప్పి ఇంకొకరు, వాళ్ళు చెప్పి మరొకరు. అలా నెల్లూరు, ఒంగోలు, హైదరాబాదు పార్టీలు, అంటే మాకు పని ఇచ్చేవాళ్ళు, వచ్చాయి. డల్లాస్‌లో మన పచ్చళ్ళు అమ్మే ఆయన కూడా ఉన్నారు.

ఈ పనిలో ఒక చిక్కుంది. పోస్టర్‌లో తప్పు దొర్లితే ఇంకో పోస్టర్ వేసుకోవచ్చు. పౌచ్‌కు ఆ వీలుండదు. పెద్ద ఎత్తున వేసే పౌచ్‌లు గ్రావ్యూర్ పద్ధతిలో అచ్చవుతాయి. ఒక్కో రంగుకు ఒక్కో ఉక్కు సిలిండర్. దాని మీద రాగి పూత పూసి, ఆ రాగి మీద డిజైన్ చెక్కి, పైన క్రోమియం పూత వేస్తారు. ఆరు రంగులుంటే ఆరు సిలిండర్లు. అన్నీ చెక్కేశాక "లైసెన్సు నంబర్లో ఒక అంకె మారిందమ్మా" అంటే ఆ అంకె ఉన్న రంగు సిలిండర్ మళ్ళీ చేయించాల్సిందే. ఆ డబ్బు పార్టీదా మాదా అన్న తగువు వేరే. అందుకే బొమ్మ ఎంత బాగా వచ్చిందన్నది తర్వాత సంగతి. ఏ ఫైలు ఆఖరుది, దాన్ని ఎవరు ఓకే అన్నారు, ఎప్పుడన్నారు, ముందు అవి తేలాలి.

మొదట్లో అంతా వాట్సాప్‌లోనే నడిచింది. పార్టీకో గ్రూపు. పొద్దున లేచేసరికి ఒక గ్రూపులో వాయిస్ మెసేజి, ఇంకో గ్రూపులో ఎవరిదో పెళ్ళి ఫోటో, మూడోదాంట్లో "మేడం నిన్న చెప్పింది కాదు మొన్న చెప్పిందే పెట్టండి". ఫోటోగా పంపిన డిజైన్‌ను వాట్సాప్ చిన్నది చేసేస్తుంది కాబట్టి అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే తెరవడం రాదంటారు. ఒక పార్టీలో అన్నదమ్ములిద్దరు. డిజైన్ పంపగానే పెద్దాయన బొటనవేలు బొమ్మ పెడతారు. సరే ఓకే అయింది కదా అని మేం ముందుకు పోతే, రెండు రోజులకు ఫోన్.

"ఏందమ్మా, ప్రెస్సుకు పంపేసినారా?"

"మీరు ఓకే పెట్టారు కదన్నా."

"చూసినా అని పెట్టినా. ఓకే అని ఎవరన్నారు? తమ్ముడు చూడొద్దా?"

ఆయన తప్పేం లేదు. ఆ బొటనవేలికి ఎవరి అర్థం వాళ్ళది. ఇంకోసారి స్టిక్కర్లు కొట్టే ప్రెస్సు వాళ్ళు గ్రూపులో పైకి జరుపుకుంటూ పోయి, ఎప్పటిదో పాత పీడీఎఫ్ తీసుకుని అచ్చేసేశారు. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఫైనల్ లేటెస్ట్', 'ఫైనల్ ఓకే' అని నాలుగు ఫైళ్ళు కనపడుతుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? స్టిక్కర్లు కాబట్టి బతికిపోయాం, సిలిండర్లయితే కోలుకునేవాళ్ళం కాదు.

ఇక ఇలా లాభం లేదని టూల్స్ వెతికాను. చెన్నై ఆఫీసులో స్లాక్ అలవాటు కాబట్టి ముందు అదే పెట్టాను. ఉచిత ప్లాన్‌లో 90 రోజుల సంభాషణే కనపడుతుంది. మాకేమో ఉగాదికి అనుకున్న మాట దసరాకు కావాల్సి వస్తుంది. పైగా వాట్సాప్ ఉండగా ఇంకో చాటింగ్ యాప్ ఎందుకని ఎవరూ తెరవలేదు. తర్వాత నోషన్. అది నాకు భలే నచ్చింది. పార్టీల పట్టిక, రంగుల పట్టిక, రేట్లు, అన్నీ ఒకదానికొకటి ముడేసి ముచ్చటగా పేర్చుకున్నాను. ఆ ముచ్చట చూసుకోడానికి నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. మాస్టారి పాత ఫోన్‌లో పేజీ తెరుచుకునేలోపు ఆయన టీ తాగి వచ్చేవారు.

చివరికి నిలబడింది ట్రెల్లో. కారణం పెద్దదేమీ లేదు. ఒక పనికి ఒక కార్డు, దాన్ని వేలితో పట్టుకుని ఒక వరసలోంచి పక్క వరసలోకి జరపడం, అంతే. నేర్పడానికి ఒక సాయంత్రం చాలింది. వరసల పేర్లు తెలుగులోనే పెట్టాం: 'వచ్చినవి', 'అడ్వాన్స్ పడ్డవి', 'గీస్తున్నాం', 'పార్టీ దగ్గర ఉంది', 'అక్షరం చూశాం', 'ప్రెస్సుకు'. వీటిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది 'పార్టీ దగ్గర ఉంది'. అంతకుముందు ఏ పని ఆలస్యమైనా మేమే ఆలస్యం చేశామన్న టెన్షన్ ఉండేది. కొన్నాళ్ళు చూస్తే కార్డులు ఎక్కువ రోజులు పడి ఉండేది ఆ వరసలోనే. పనికి పట్టిన టైం లెక్కగట్టే టోగుల్ యాప్ పెట్టి చూసుకున్నప్పుడు కూడా ఇదే తేలింది. గీయడానికి పట్టే టైం ఒక ఎత్తు, "చూశారా అన్నా?" అని అడగడానికి పట్టే టైం ఇంకో ఎత్తు. టోగుల్ మాత్రం తర్వాత తీసేశాం. వెంకటగిరి అమ్మాయి "అక్కా, నీళ్ళు తాగడానికి లేచినా గడియారం ఆపాలా?" అని అడిగింది. తనను ఎవరో కనిపెట్టుకుని కూర్చున్నట్టుందట. తెలుసుకోవాల్సింది తెలిసింది కదా, ఇక అది ఎందుకు?

అసలు గొడవ ట్రెల్లో పెట్టాక మొదలైంది. కార్డులున్నాయి, వాటి మీద రాసేవాళ్ళు లేరు. మన దగ్గర పని ఫోన్‌లో జరుగుతుంది. పార్టీ మాస్టారికి ఫోన్ చేసి "వెల్లుల్లి అన్న అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యండి" అంటుంది, మాస్టారు చేసేస్తారు. అదే పార్టీ సాయంత్రం నాకు ఫోన్ చేసి "మామిడికాయ బొమ్మ పెద్దది చెయ్యమ్మా" అంటుంది, నేను వెంకటగిరికి చెప్తాను. రెండూ పెద్దవయ్యాక చోటు ఎక్కడుంటుంది? "కార్డులో రాయండి మాస్టారూ" అంటే, "ఏందమ్మాయ్, ఫోన్ చేస్తే అయిపోయేదానికి మళ్ళీ రాసేదేంది?" అనేవారు. చదివిన సలహాలన్నీ ఫోన్లు తగ్గించండి, అన్నీ టూల్‌లోనే మాట్లాడుకోండి అనేవి. ఊరగాయలు పెట్టే పిన్ని గారికి ట్రెల్లో లాగిన్ ఇచ్చి కామెంట్ రాయమనడం మా వల్ల అయ్యే పని కాదు. ఆమె ఫోన్ చేస్తుంది, చెయ్యనివ్వాలి.

అందుకని ఫోన్‌ను అలాగే ఉంచి, దాని వెనక ఒక పని కలిపాం. ఫోన్ ఎవరు ఎత్తినా సరే, పెట్టేసిన వెంటనే ఆ కార్డు తెరిచి, ఫోన్‌లోని గూగుల్ కీబోర్డు జీబోర్డులో తెలుగు మైకు నొక్కి, విన్నది నోటితో చెప్పాలి. ఎవరన్నారు, ఏమన్నారు, అంతే. టైపు చెయ్యక్కర్లేదు కాబట్టి మాస్టారు ఒప్పుకున్నారు. మైకు ఒక్కోసారి 'వత్తు'ని 'వస్తు' అని రాస్తుంది, పోనిమ్మన్నాం. అదే మాటను కాపీ చేసి పార్టీకి వాట్సాప్‌లో పెడతాం: "ఇందాక మీరు చెప్పింది ఇదీ. సరేనా?" వాళ్ళు 'సరే' అని అక్షరాల్లో రాస్తేనే చెల్లుతుంది, బొటనవేలు చెల్లదు. మొదట్లో కొందరు నవ్వారు. ఇప్పుడు ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన 'సరే, తమ్ముడు కూడా చూసినాడు' అని తనంతట తనే రాస్తారు.

ఒక కార్డు ఎలా ఉంటుందో చూపిస్తాను. రొయ్యల పచ్చడి, 250 గ్రాములు, నెల్లూరు పార్టీ. పైన తాజా ప్రూఫ్ బొమ్మ. దాని కింద చెక్‌లిస్టు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు నంబర్ 14 అంకెలూ ఉన్నాయా? మాంసాహారం గుర్తు చదరంలో గోధుమరంగు త్రిభుజమేనా? పాత లేబుళ్ళలో గుండ్రటి చుక్క ఉండేది, 2020 లేబులింగ్ నిబంధనలతో త్రిభుజమైంది. పాత డిజైన్ చూసి కాపీ కొట్టేవాళ్ళు ఇప్పటికీ చుక్కే పెడుతుంటారు. నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ కొట్టుకోడానికి ఖాళీ, కస్టమర్ కేర్ నంబర్ ఉన్నాయా? రొయ్య పడని వాళ్ళుంటారు కాబట్టి అలెర్జీ సమాచారం వేశామా? బార్‌కోడ్ 890తో మొదలయ్యేదేనా, దాని గీతలు ముదురు రంగులో ఉన్నాయా? ఎర్ర గీతల బార్‌కోడ్ చూడ్డానికి పచ్చడికి నప్పుతుంది గానీ స్కానర్ వేసేదే ఎర్ర వెలుగు, దానికి ఆ గీతలు కనపడవు.

చెక్‌లిస్టు కింద మాటలు మొదలవుతాయి. 'పిన్ని గారి ఫోన్: నూనె తేలినట్టు ఉండాలన్నారు.' 'పిన్ని గారి ఫోన్: మీసాలు కనపడాలన్నారు.' దాని కింద వెంకటగిరి అమ్మాయి: 'పచ్చడిలో వేసేది ఒలిచిన రొయ్యలు కదక్కా, తల ఎందుకు?' దానికి నేను అడిగి రాసిన జవాబు: 'తల లేకపోతే అది రొయ్యని ఎవరనుకుంటారు అంటున్నారు.' తలా మీసాలూ ఉంచేశాం. ఆ అమ్మాయి తెలివిగా తలను కరివేపాకు కొమ్మలోకి కలిపేసింది, చీర అంచులో చిలక తోకను లతలోకి కలిపినట్టు. కొన్ని నెలల తర్వాత పార్టీ కోడలు "ఈ తల ఎవరు పెట్టమన్నారు?" అని అడిగితే కార్డులోని ఆ మాటను స్క్రీన్‌షాట్ తీసి పంపాను. తర్వాత వాళ్ళ ఇంట్లో ఏం జరిగిందో మనకెందుకు.

ఫైళ్ళ సంగతి. అన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఉంటాయి. ఉచితంగా వచ్చే 15 జీబీలో జీమెయిలూ ఫోటోలూ కూడా కలిసిపోతాయి కాబట్టి, లేయర్లున్న బొమ్మల ఫైళ్ళతో అది ఇట్టే నిండిపోయింది. డబ్బు కట్టి 100 జీబీ తీసుకున్నాం. ఫైలు పేరులో ముందు తేదీ, తర్వాత పార్టీ, సరుకు, బరువు, చివర వెర్షన్ నంబర్. 'ఫైనల్' అన్న మాట నిషేధం. ప్రతి పార్టీ ఫోల్డర్‌లో 'ప్రెస్సుకు' అని ఒక లోపలి ఫోల్డర్, అందులో ఎప్పుడూ ఒక్క పీడీఎఫ్ మాత్రమే. ప్రెస్సుకు ఫైలు పంపం, లింకు పంపుతాం. డ్రైవ్‌లో 'మేనేజ్ వెర్షన్స్' అని ఒక ఏర్పాటుంది. కొత్త పీడీఎఫ్‌ను అక్కడి నుంచి ఎక్కిస్తే లింకు మారదు, లోపలి ఫైలు మారుతుంది. ప్రెస్సు వాళ్ళు ఎప్పుడు తెరిచినా తాజాదే కనపడుతుంది. ఎక్కువమందికి తెలియని సౌకర్యం ఇది. పాత వెర్షన్ 30 రోజుల తర్వాత పోవచ్చు, ఉండాలనుకుంటే 'కీప్ ఫరెవర్' నొక్కుకోవాలి.

తెలుగు అక్షరాలది ఇంకో కథ. మాస్టారి చెయ్యి 'అను' అనే డీటీపీ ఫాంట్లకు అలవాటు పడింది. వాటితో టైపు చేసినది ప్రెస్సు కంప్యూటర్లో చక్కగా ఉంటుంది. ఆ మాటనే కాపీ చేసి ట్రెల్లోలోనో వాట్సాప్‌లోనో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చి గీతలు వస్తాయి. అది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే కోడ్, కాదు కదా. ఒకే గదిలో పని చేస్తే ఈ బాధ తెలియదు. నాలుగు ఊళ్ళలో ఉండి, పార్టీ వాట్సాప్‌లో పంపిన తెలుగు మాటను నేరుగా లేబుల్‌లోకి తెచ్చుకోవాలంటే యూనికోడ్ తప్పదు. మండలి, రామభద్ర, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. "'అను' అంత వంపు వీటికి ఏదమ్మాయ్?" అని మాస్టారు ఇప్పటికీ అంటారు, కొంతవరకు నిజమే. పెద్ద పేర్లు, అంటే బ్రాండు పేర్లు, ఆయన చేత్తో దిద్దిన అక్షరాలే. చిన్న అక్షరాలు మాత్రం యూనికోడ్.

అందులోనూ ఒక మెలిక ఉంది. డిజైన్ చేసే ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అతికిస్తే ఒత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడొచ్చు. 'వెల్లుల్లి' అన్న మాటలో ల ఒత్తులు రెండూ విడిపోయి వరసగా నిలబడతాయి. తెలుగు రాని డిజైనర్లు అదే సరైనదనుకుని అచ్చేస్తుంటారు, హైవే మీద హోర్డింగులు చూడండి. ప్రిఫరెన్సుల్లోకి వెళ్ళి ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో కంపోజర్‌ను దక్షిణాసియా భాషలదానికి మార్చాలి. మా కనిగిరి కుర్రాడు ఈ సెట్టింగులతో ఖాళీ టెంప్లేట్ చేసి డ్రైవ్‌లో పెట్టాడు, కొత్త పని ఏదైనా దాన్ని కాపీ చేసుకునే మొదలవుతుంది. ప్రెస్సుకు వెళ్ళే ముందు అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్లుగా, అంటే ఉత్త బొమ్మ గీతలుగా, మార్చేస్తాం కాబట్టి అక్కడ మా ఫాంట్ లేకపోయినా పరవాలేదు. అక్షరాలు మార్చుకునే వీలున్న ఫైలు మాత్రం విడిగా దాచుకోవాలి.

అవుట్‌లైన్లు చేశాక దిద్దడం కష్టం కనుక ప్రూఫు ముందే చదవాలి. పూర్వం ప్రెస్సుల్లో ఒకరు మూలం చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసేవారని మాస్టారు చెప్పి, అదే పద్ధతి గూగుల్ మీట్‌లోకి తెచ్చారు. పార్టీ చేత లేబుల్ చదివిస్తే లాభం లేదు. వాళ్ళ సరుకు పేరు వాళ్ళకు కంఠతా వచ్చు, తప్పున్నా ఒప్పుగానే చదివేస్తారు. అందుకని స్క్రీన్ మీద ఉన్నది మాస్టారు చదువుతారు, పార్టీ లైసెన్సు కాగితం, చిరునామా చేతిలో పట్టుకుని సరిచూసుకుంటుంది. అంకెలు ఒక్కొక్కటే. "ఒకటి... సున్నా... ఒకటి... ఆగండి, మీ కాగితంలో ఏముందమ్మా?" 'స్వచ్ఛమైన' అన్న మాట దగ్గర ఆయన తప్పకుండా ఆగుతారు. ఆ ఛకారం ఒత్తు మీద ఆయనకు పట్టుదల, దాన్ని చ ఒత్తుగా వేసిన నెయ్యి డబ్బా చూస్తే నెయ్యే కొనరు. ఉచిత మీట్‌లో ముగ్గురూ అంతకంటే ఎక్కువ మంది ఉంటే గంటకు కాల్ ఆగిపోతుంది. అది మాకు మేలే అయింది. గంటలో తేలని లేబుల్ ఉంటే పార్టీ ఇంకా ఏదో తేల్చుకోలేదని అర్థం.

గూగుల్ క్యాలెండర్ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది రాహుకాలం. నిజంగానే. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర, ఇలా వారంలో ఏడు రోజులకూ, వారం వారం తిరిగొచ్చే ఈవెంట్లుగా బూడిద రంగులో పెట్టేశాను. నాకు పట్టింపు లేదు. చాలా పార్టీలకు ఉంది. ఆ టైంలో "ఓకేనా అండీ?" అని అడిగితే ఔననరు, కాదనరు, నాన్చుతారు. గంట ఆగి అడిగితే వెంటనే 'సరే'. అలాగే ఆషాఢంలో కొత్త బ్రాండు మొదలుపెట్టే వాళ్ళు తక్కువ, శ్రావణంలో అందరికీ ఒకేసారి కావాలి. ఆవకాయ లేబుళ్ళు ఏప్రిల్‌కల్లా సీసాల మీద ఉండాలంటే మార్చిలో ఫైలు ప్రెస్సులో ఉండాలి. ఆషాఢాన్ని మేం టెంప్లేట్లు సర్దుకోడానికీ పాత ఫైళ్ళు బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోడానికీ వాడుకుంటాం. డల్లాస్ అన్న కోసం క్యాలెండర్‌లో రెండో టైం జోన్ పెట్టాను. మన రాత్రి ఎనిమిదిన్నర వాళ్ళకు వేసవిలో పొద్దున పది, నవంబరులో గడియారాలు వెనక్కి జరిపాక తొమ్మిది.

దూరం నుంచి పని చేస్తే ఎక్కడున్నా ఒకటే అంటారు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ మాట ఎంతవరకో తెలిసింది. కావలీ ఒంగోలూ రెండూ ఒకే తీరం మీద ఉన్నాయి, రెండుచోట్లా కరెంటు పోయింది. వెంకటగిరిలో వాన. డ్రైవ్‌లో ఫైళ్ళు భద్రంగానే ఉన్నాయి, వాటిని అందుకునే దారే లేదు. కనిగిరి లోపలికి ఉంటుంది, అక్కడ కరెంటు వస్తూ పోతూ ఉండేది, హాట్‌స్పాట్ మీద ఆ కుర్రాడే హైదరాబాదు పార్టీకి ఫైలు అందించాడు. అప్పటి నుంచి వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇచ్చిన రోజే నడుస్తున్న పనుల ఫైళ్ళను ల్యాప్‌టాప్‌లో ఆఫ్‌లైన్‌కు దించుకుంటాం, పార్టీలకు ముందే మెసేజి పెడతాం, మొత్తం పనుల కాపీ ఒకటి కనిగిరి హార్డ్‌డిస్కులో ఉంటుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటినప్పుడు మేం తీరిగ్గా కిటికీలకు గుడ్డలు కుక్కుకుంటూ కూర్చున్నాం.

ఆ ముందు నెలే జీఎస్‌టీ మారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా ఆహార వస్తువుల మీద పన్ను తగ్గింది. కబురు తెలిసిన మర్నాటి నుంచి అన్ని పార్టీలూ ఒకే ప్రశ్న: మా ఎమ్మార్పీ మార్చాలి, ఎప్పుడిస్తారు? మిగిలిపోయిన సరుకు మీద పాత ధర కనపడేలా ఉంచి కొత్త ధర స్టిక్కర్ వేసుకోవచ్చని ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది కాబట్టి సగం మందికి స్టిక్కర్లే చాలాయి. మిగతా వాళ్ళ లేబుళ్ళు ఒక్కొక్కటీ తెరిచి మార్చాల్సి వస్తే మాకు దసరా ఉండేది కాదు. కనిగిరి కుర్రాడు అంతకుముందే సీసా లేబుళ్ళ వివరాలన్నీ, అంటే సరుకు, బరువు, ధర, లైసెన్సు నంబర్, ఒక గూగుల్ షీట్‌లోకి ఎక్కించి పెట్టాడు. షీట్‌లో ధర మార్చి, ఫైలు దించి, ఇన్‌డిజైన్‌లో డేటా మెర్జ్ నొక్కితే ఒక పార్టీవి అన్ని సైజులూ వరసగా తయారవుతాయి. షీట్లు నింపమన్నప్పుడు "ఇది ఎందుకక్కా, గుమాస్తా పని" అని విసుక్కున్నది కూడా వాడే.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. సగం అడ్వాన్స్ పడనిదే కార్డు 'గీస్తున్నాం'లోకి కదలదు, చుట్టాలదైనా సరే. వరస పేరే 'అడ్వాన్స్ పడ్డవి' కాబట్టి నేను మొహమాటపడే పని లేదు. బిల్లులు జోహో ఇన్వాయిస్‌లో చేస్తాను, అది ఉచితం. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కంపెనీ పార్టీలు టీడీఎస్ కోసుకుని ఇస్తాయి, అది ఆదాయపు పన్ను శాఖ దగ్గర మన లెక్కలో పడిందో లేదో మూడు నెలలకోసారి చూసుకోవాలి, పడకపోతే అడగాలి. బయటి దేశం డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు అడిగే పర్పస్ కోడ్, అంటే ఆ డబ్బు దేనికి వచ్చిందో చెప్పే కోడ్, బిల్లు మీదే రాసుకుంటే పని సులువు. టూల్స్‌కు కట్టే నెలవారీ డబ్బు కార్డు నుంచి తనంతట తాను కట్ అవుతుందని నమ్మకూడదు. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఆటో డెబిట్ నిబంధనలు మార్చాక విదేశీ సబ్‌స్క్రిప్షన్లు ఆగిపోవడం మామూలైంది. గడువు తేదీలన్నీ క్యాలెండర్‌లో రాహుకాలం పక్కనే ఉంటాయి.

ఆన్‌లైన్‌లో తేలని సంగతి ఒకటి మిగిలింది, రంగు. ఫోన్ స్క్రీన్ మీద కారం ఎర్రగా మండిపోతుంటుంది, అదే కాగితం మీద ఇటుక రంగులోకి దిగుతుంది. స్క్రీన్‌ది వెలుగు, కాగితానిది సిరా, ఎంత సరిచేసినా రెండూ ఒకటి కావు. రంగు రంగుకూ ఒక నంబర్ ఇచ్చే పాంటోన్ అనే కంపెనీ పట్టికలున్నాయి, ఆ నంబర్ చెప్తే చాలనుకునేవాళ్ళం. 2022 నవంబరులో డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోంచి పాంటోన్ రంగుల పట్టికలు చాలావరకు తీసేసి, కావాలంటే విడిగా డబ్బు కట్టమన్నాక, కొన్ని పాత ఫైళ్ళు తెరిస్తే రంగుల చోట నలుపు కనపడింది. ఇప్పుడు ప్రతి పార్టీ రంగులనూ సిరా శాతాలతో కార్డులో అంకెలుగా రాసుకుంటాం, నెల్లూరులో డిజిటల్ ప్రింటు తీయించి, నమూనా పౌచ్‌ను ఆర్టీసీ కార్గోలో పార్టీకి పంపుతాం. వాళ్ళు దాన్ని ఎండలో పెట్టి చూసి, వెనక సంతకం పెట్టి, ఫోటో తీసి పంపాలి. ఆ ఫోటో కార్డులో పడ్డాకే సిలిండర్లకు ఆర్డరు. ఈ ప్రింటు ఖర్చు కొటేషన్‌లో విడిగా చూపిస్తాం. వద్దనే పార్టీలూ ఉంటాయి, ముఖ్యంగా మొదటిసారి వచ్చిన వాళ్ళు. వాళ్ళ చేత 'రంగు తేడా వస్తే మాదే బాధ్యత, సరే' అని అక్షరాల్లో రాయించుకుని కార్డులో పెట్టుకుంటాం. అలా రాయమనగానే సగం మంది, ఆ ప్రింటేదో తీయించమనే అంటారు.